పక్కమీది సాక్షి

ఒంట్లో జబ్బుంటే ముందు తెలిసేది ఆ మనిషికే. స్లీప్ ఆప్నియా ఈ వరసను తారుమారు చేస్తుంది. నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి, నాలుక మొదలు వెనక్కి జారుతుంది, మెత్తటి అంగిలి కిందికి వాలుతుంది. గాలి దారి ఇరుకైతే గురక. తడిసిన కాగితపు స్ట్రాను గట్టిగా పీల్చినప్పుడు జరిగినట్టు ఆ దారి గోడలు అతుక్కుపోతే గురక కూడా ఉండదు. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి, లోపలికి మాత్రం గాలి పోదు. ఇలా పది సెకన్లు దాటితే వైద్యులు ఒకసారి కింద లెక్క వేస్తారు. అర నిమిషం, నిమిషం దాకా సాగేవీ ఉంటాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని పైపైన లేపుతుంది, పెద్ద గుర్రుతో ఊపిరి తిరిగొస్తుంది, మళ్లీ నిద్ర, మళ్లీ అదే తంతు. గంటకు 5 నుంచి 15 సార్లయితే స్వల్పమనీ, 30 లోపు మధ్యస్థమనీ, 30 దాటితే తీవ్రమనీ అంటారు. గంటకు 30 లెక్కన ఏడు గంటల నిద్రలో 210 సార్లు. వీటిలో దాదాపు ఒక్కటీ తెల్లారేసరికి అతనికి గుర్తుండదు. "బాగానే పట్టింది నిద్ర" అంటాడు. అబద్ధమేమీ కాదు, అతనికి తెలిసినంతలో నిజమే. తెలిసిందల్లా పక్కన పడుకున్న మనిషికి.

అయినా ఆసుపత్రి చీటీ మీద ఒక్క పేరే ఉంటుంది. పరీక్ష ఒకరికి, యంత్రం ఒకరికి, బిల్లు ఒకరి పేరు మీద. ఈ లెక్క తప్పని నేననుకుంటున్నాను. జబ్బు ఒకరి గొంతులో ఉన్నా రాత్రి ఇద్దరిదీ. జబ్బు బయటపడేది రెండో మనిషి ద్వారా. చికిత్స నిలబడేదీ ఊడిపోయేదీ చాలామటుకు ఆ రెండో మనిషి దగ్గర. వచ్చిన మేలులో వాటా కూడా ఆ మనిషికి దక్కుతుంది. దాంపత్యం మీద ప్రేమతో ఈ మాట అనడం లేదు. నలభై ఏళ్లుగా పోగైన పరిశోధనలో ఇటువైపు చూపించేది గట్టిగానే ఉంది. కాకపోతే ఒక మెలిక కూడా ఉంది: ఆ రెండో మనిషి ఏ హోదాలో పక్కన ఉన్నారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

సాక్షి సంగతి ముందు చూద్దాం. నిద్రలో ఊపిరి ఆగిపోవడాన్ని వైద్యులు రికార్డు చేసి చూపించింది 1965లో, ఫ్రాన్సులో ఒక బృందం, జర్మనీలో ఒక బృందం. అంతకుముందు 1956లో కొందరు అమెరికన్ వైద్యులు లావుగా ఉండి పగలంతా తూగే రోగి గురించి రాస్తూ డికెన్స్ నవలలోని కునికిపాట్ల కుర్రాడి మీదుగా ఆ స్థితికి పేరు పెట్టారు. అంటే వైద్యశాస్త్రానికి మొదట కనిపించింది పగటి మగత. వైద్యులు రోగిని చూసేది పగలే మరి. రాత్రి జరిగేది అప్పటికే లక్షల మంది భార్యలకు తెలుసు, వాళ్లను అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు అడుగుతున్నారు. ఆపరేషన్‌కు ముందు రోగుల్లో ఈ జబ్బును పసిగట్టడానికి టొరంటో వైద్యులు 2008లో తయారుచేసిన ప్రశ్నావళిని ఇవాళ మన ఊళ్ల ఆసుపత్రుల్లో కూడా వాడుతున్నారు. గురక, అలసట, రక్తపోటు, బరువు, వయసు, మెడ చుట్టుకొలత ఇవన్నీ ఉన్న ఆ కాగితంలో ఒక ప్రశ్న వేరేగా ఉంటుంది: నిద్రలో మీ ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? దీనికి రోగి దగ్గర సొంత జవాబు ఉండదు. ఒంటరిగా పడుకునే మనిషి "లేదు" అని రాస్తాడు. చూసేవాళ్లు లేరన్న మాట అక్కడ ఆగలేదన్నట్టు లెక్కకొస్తుంది.

సాక్షి మీద ఇంతగా ఆధారపడ్డ జబ్బులో సాక్షి మొహమాటపడితే ఏమవుతుందో ఆడవాళ్ల లెక్కలు చెబుతాయి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో నిద్ర మీద ఏళ్ల తరబడి సాగిన పరిశీలన 1993లో వెలువరించిన ఫలితాల ప్రకారం, గంటకు అయిదుసార్లకు తగ్గకుండా ఊపిరికి అడ్డు తగిలేవాళ్లు మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 9 శాతం. అంటే సమాజంలో ఇద్దరు ముగ్గురు మగవాళ్లకు ఒక ఆడమనిషి. అదే నిద్ర క్లినిక్కుల్లో అప్పట్లో కనిపించిన నిష్పత్తి ఎనిమిది మందికి ఒకరు, అంతకన్నా తక్కువ కూడా. 1997లో అదే బృందం, మధ్యస్థ, తీవ్ర స్థాయి జబ్బు ఉన్న ఆడవాళ్లలో 93 శాతం మందికి, మగవాళ్లలో 82 శాతం మందికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదని అంచనా కట్టింది. ఆడవాళ్లలో లక్షణాలు వేరుగా ఉండటం ఒక కారణం: నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, నీరసం, దిగులు. వీటిని వైద్యుడు ఇంకో ఖాతాలో వేస్తాడు. రెండో కారణం మర్యాద. ఇంగ్లండ్‌లో సర్రే విశ్వవిద్యాలయం సామాజిక శాస్త్రవేత్తలు దంపతులతో మాట్లాడినప్పుడు తేలింది ఏమిటంటే, మగవాడి గురకను ఇంట్లో అందరూ సర్దుకుపోవలసిన విషయంగా చూస్తారు, ఆడదాని గురక ఆమెకే సిగ్గు. మన దగ్గర ఇది వేరుగా ఉంటుందని ఎవరైనా అంటారా? అత్తవారింట గురక పెట్టిన కోడలి మీద జోకులు పుట్టినంత తేలిగ్గా ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లే ఆలోచన పుట్టదు. ముట్లు ఆగిన తరవాత ఆడవాళ్లలో ఈ జబ్బు పెరుగుతుందన్నది రూఢి అయిన విషయం. సరిగ్గా ఆ వయసులోనే పక్కలు వేరవుతుంటాయి, ఉన్న ఒక్క సాక్షీ హాల్లోకి మారిపోతాడు.

మగవాడి గురకకు మన ఇళ్లలో ఉన్న రక్షణ ఇంకోటి. గుర్రుపెట్టి పడుకున్నాడంటే ఒళ్లు మరచిన నిద్ర అని, కష్టపడ్డ మనిషి అని అర్థం చెబుతాం. గురక పెట్టే ప్రతివాళ్లకూ ఈ జబ్బు ఉండదు, నిజమే. కానీ గురక, దాని మధ్యలో ఒక ఖాళీ, తర్వాత ఉక్కిరిబిక్కిరి అవుతూ లేచే గుర్రు, ఈ మూడూ వరసగా వస్తుంటే అది హాయి నిద్ర కాదు. సింహాసనం, గ్యాంగ్ లీడర్ పాటలతో తెలుగువాళ్లకు దగ్గరైన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు వైద్యులు చెప్పిన కారణాల్లో ఈ జబ్బు పేరుంది. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో దేశంలోని అధ్యయనాలన్నీ క్రోడీకరించి, పనిచేసే వయసులో ఉన్న భారతీయుల్లో దాదాపు 10.4 కోట్ల మందికి ఇది ఉందని, అందులో 4.7 కోట్ల మందికి మధ్యస్థ, తీవ్ర స్థాయిలో ఉందని అంచనా వేశారు. ఎంతమంది పక్కన ఇంకో మనిషి మెలకువగా పడుకుని ఉంటారో ఆ అంచనాలో లేదు.

ఆ మనిషి పోగొట్టుకునే నిద్రను కొలిచినవాళ్లు తక్కువే అయినా ఉన్నారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1999లో పది జంటలను ఒకే గదిలో పడుకోబెట్టి ఇద్దరి నిద్రనూ ఒకేసారి రికార్డు చేశారు. రోగికి రాత్రి మొదటి సగం చికిత్స లేదు, రెండో సగంలో గాలి యంత్రం పెట్టారు. మొదటి సగంలో రోగి భార్య లేదా భర్త పక్కమీద గడిపిన సమయంలో నిద్రపోయింది 74 శాతం; యంత్రం పెట్టాక అది 87 శాతానికి పెరిగింది. గంటకు 21 సార్లు కలత చెందే నిద్ర 12 సార్లకు దిగింది. ఎనిమిది గంటల పడకకు లెక్కగడితే రాత్రికి గంట పైచిలుకు నిద్ర తిరిగొచ్చినట్టు. మందు ఒకరికి వేస్తే నిద్ర ఇద్దరికి పట్టింది. ఈ లెక్కలో కూడా దొరకనిది ఒకటుంది. గురకకు అలవాటుపడేవాళ్లు ఉంటారు, దాని మధ్య వచ్చే ఖాళీకి అలవాటుపడటం కష్టం. మళ్లీ ఊపిరి అందుకునేదాకా చెవి ఒగ్గి ఉండటం, మరీ ఆలస్యమైతే భుజం తట్టడం, ఇది నిద్ర చెడటమొక్కటే కాదు, కాపలా. మన ఆడవాళ్ల పాటల్లో ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోతుంది, అక్కడ అడవిలో లక్ష్మణుడు మేలుకుని ఉంటాడు. ఒకరి మెలకువ ఇంకొకరి నిద్రగా మారుతుంది కాబట్టి ఆ కథలో లెక్క సరిపోతుంది. ఈ జబ్బున్న ఇంట్లో నిద్రపోతున్నట్టు కనిపించే మనిషికీ నిద్ర లేదు, కాపలా ఉన్న మనిషికీ లేదు.

మేయో అధ్యయనం పది జంటలది, ఒక్క రాత్రిది. దాని మీద మరీ బరువు మోపకూడదు. పైగా 2001లో ఎడిన్‌బరో వైద్యులు జాగ్రత్తగా చేసిన ఇంకో పరిశీలనలో, రోగికి యంత్రం పెట్టిన తరవాత పక్కవాళ్లు తమకు నిద్ర బాగా పడుతోందని చెప్పారు గానీ, వాళ్ల తలకు తీగలు పెట్టి కొలిస్తే నిద్రలో పెద్ద తేడా కనిపించలేదు. ఇది నా వాదనకు ఎదురు సాక్ష్యం, తీసి పక్కన పెట్టడం కుదరదు. కానీ దీన్నుంచి తేలేదేమిటి? పక్కవాళ్లు అబద్ధం చెప్పారనా? ఏళ్ల తరబడి రాత్రిపూట భయంతో పడుకున్న మనిషి, ఆ భయం పోయాక అంతే సేపు, అన్నిసార్లు కదులుతూ పడుకున్నా, పొద్దున లేచేటప్పటి పరిస్థితి ఒకటి కాదు. తీగలు కలతలను లెక్కపెడతాయి, నిశ్చింతను లెక్కపెట్టవు. అసలు యంత్రం గాలి చప్పుడు, కారిన గాలి మొహానికి తగలడం పక్కవాళ్ల నిద్రను కొంత మళ్లీ చెడగొట్టి ఉండొచ్చన్న అనుమానం కూడా సహేతుకమే. అలా అయితే మాస్కు సరిగ్గా అమరడం ఇద్దరి అవసరమని ఇంకా బలంగా అనాల్సి వస్తుంది.

ఆ యంత్రం పేరు సీపాప్. సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే వైద్యుడు 1980లో దీన్ని మొదటిసారి ఒక రోగికి పెట్టి, 1981లో లాన్సెట్ పత్రికలో అయిదుగురి ఫలితాలు ప్రచురించాడు. అప్పటిదాకా తీవ్రమైన జబ్బుకు ఖాయమైన దారి ఒక్కటే, మెడ ముందు శ్వాసనాళానికి రంధ్రం పెట్టడం. సల్లివన్ చేసింది మందు కాదు, కోత కాదు: ముక్కులోంచి కొద్దిపాటి ఒత్తిడితో గాలి ఊదుతుంటే గొంతు గోడలు కూలవు. ఇప్పటి యంత్రాలు 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఎంత కావాలో అంత ఇస్తాయి. తొలినాళ్ల రోగులు రోజూ రాత్రి మాస్కును ముక్కుకు జిగురుతో అతికించుకుని పొద్దున ఊడబీక్కునేవారు. ఇప్పుడు సిలికాన్ మాస్కులు, పట్టీలు, మెత్తటి గొట్టాలు వచ్చాయి. చికిత్స మొదలైన రాత్రే గురక ఆగిపోతుంది. ఇంత ఖచ్చితంగా పనిచేసే చికిత్సలు వైద్యంలో ఎన్నో ఉండవు, ఇంతగా మూలపడేవి కూడా. ఫిలడెల్ఫియాలో 1993లో 35 మంది రోగులకు తెలియకుండా యంత్రంలో లెక్కపెట్టే పరికరం అమర్చారు. రోజూ వాడుతున్నామని 60 శాతం మంది చెప్పారు. నూటికి డెబ్బై రాత్రులు కనీసం నాలుగేసి గంటలు వాడినవాళ్లు 46 శాతం. అమెరికాలో ప్రభుత్వ బీమా 2008 నుంచి సరిగ్గా ఆ నాలుగు గంటలు, డెబ్బై శాతం లెక్కనే షరతుగా పెట్టింది, ఆపాటి వాడకపోతే యంత్రానికి డబ్బులివ్వరు. మన దగ్గర చాలా పాలసీలు ఇంట్లో వాడే సీపాప్‌కు అసలు డబ్బే ఇవ్వవు కాబట్టి ఆ షరతు బాధ లేదు. వేలకు వేలు పోసి కొన్నది బీరువా మీద దుమ్ము పట్టినా అడిగే దిక్కు ఉండదు, భార్య తప్ప.

ఇక్కడే అసలు చిక్కు. భార్య అడగొచ్చా? ఎలా అడగాలి? 1999లో ఎడిన్‌బరోలోనే 80 మంది రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు సలహాలు. రెండో జట్టుకు ఆసుపత్రిలో అదనపు రాత్రులు, నర్సు ఇంటికొచ్చి చూడటం, ముఖ్యంగా మొదట్లోనే ఇంటిదగ్గర జీవిత భాగస్వామిని కూర్చోబెట్టి ఇద్దరికీ వివరించడం. ఆరు నెలలకు మొదటి జట్టు రాత్రికి సగటున 3.8 గంటలు వాడితే రెండోది 5.4 గంటలు వాడింది. అదే పరిశీలనలో ఇంకో సంగతి బయటపడింది, నాకు దీనిలో ఎక్కువ పాఠం ఉన్నట్టు తోస్తుంది. తమంతట తాము వైద్యుడి దగ్గరికి వచ్చినవాళ్ల కన్నా, పక్కవాళ్ల పోరు పడలేక వచ్చినవాళ్లు యంత్రాన్ని తక్కువ వాడారు. మనిషిని తలుపు దాకా లాక్కొచ్చిన చెయ్యి అతన్ని పడకమీద మాస్కు పెట్టించలేకపోయింది. అమెరికాలో కెల్లీ బ్యారన్ బృందం పెళ్లైన మగ రోగుల మీద చేసిన పనిలోనూ ఇదే తీరు. వాడమని ఒత్తిడి పెట్టడం వల్ల వాడకం పెరగలేదు. ఎక్కడ గాలి కారుతోంది, ముక్కు ఎందుకు ఎండుతోంది అని ఇద్దరూ కలిసి చూసుకున్న ఇళ్లలో మూడు నెలలకు వాడకం ఎక్కువగా కనిపించింది. షికాగోలో రోజలిండ్ కార్ట్‌రైట్ పదిమంది మగవాళ్లను మొదటి రెండు వారాలు గమనిస్తే, భార్య పక్కన పడుకున్న రాత్రులు ఎక్కువైన కొద్దీ యంత్రం వాడకం పెరిగింది. ఇవన్నీ చిన్న పరిశీలనలు, ఏది ముందు ఏది వెనకో పూర్తిగా తేల్చలేవు. కాపురం సవ్యంగా ఉన్నచోట పక్కన పడుకోవడమూ ఎక్కువ, మాట వినడమూ ఎక్కువ కావచ్చు. అయినా వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు పద్ధతుల్లో చూసినవాళ్లకు ఒకే వైపు ఫలితం రావడం తేలిగ్గా కొట్టేసేది కాదు.

సాయపడే మనిషి కాకుండా పోలీసు కావడం పక్కవాళ్లకు ఇప్పుడు మరీ సులువైపోయింది. కొత్త యంత్రాలు రాత్రి ఎన్ని గంటలు వాడారు, గాలి ఎంత కారింది, మాస్కు ఎన్నిసార్లు తీశారు అన్నీ ఫోన్‌కు పంపి, పొద్దున్నే మార్కులు వేస్తాయి. పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు చూసిన అలవాటున్న ఇంట్లో ఈ మార్కులు ఎవరి చేతికి వెళ్తాయో ఊహించడం కష్టం కాదు. కాఫీ కప్పుతో పాటు "రాత్రి రెండింటికి తీసేశావుగా" అన్న మాట వస్తే, ఆ మనిషికి మాస్కు జబ్బుకు మందుగా కాక ఇంట్లో తగువుకు గుర్తుగా మారిపోతుంది. అదే అంకెలను ఇద్దరూ కలిసి, రెండింటికి తీయడానికి కారణమేమిటా అని చూస్తే ముక్కు దిబ్బడో, మీసం దగ్గర గాలి కారడమో, గదిలో ఏసీ చల్లదనానికి గొట్టంలో నీళ్లు చేరడమో తేలుతుంది. వీటన్నిటికీ విరుగుడు ఉంది. యాప్ ఒకటే, అంకెలు ఒకటే. నన్నడిగితే ఆ యాప్ రోగి ఫోన్‌లోనే ఉండాలి, పక్కవాళ్లకు చూపించాలా వద్దా అన్నది అతని ఇష్టం.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, అది ఆడవాళ్ల వైపు నుంచి. మగవాడి షుగరు మాత్రలు, బీపీ చీటీలు, ఉప్పు తగ్గించిన కూరలు అప్పటికే ఆమె ఖాతాలో ఉన్నాయి; ఇప్పుడు అతని ఊపిరి కూడానా? వైద్యుడు "ఇద్దరూ కలిసి చూసుకోండి" అనడం చాలా ఇళ్లలో ఆమెకు ఇంకో పని అప్పజెప్పడమే. రోజూ డిస్టిల్డ్ వాటర్ మార్చడం, మాస్కు కడిగి ఆరబెట్టడం, ఫిల్టరు చూడటం, ప్రయాణానికి ముందు యంత్రాన్ని సంచిలో సర్దడం, ఇవన్నీ చెప్పకుండానే ఆమె వైపు జారిపోతాయి. ఈ అభ్యంతరం సరైనదే. కానీ ఆమెను పక్కన పెడితే ఆమె భారం తగ్గుతుందా? ఆమె ఇప్పటికే రాత్రంతా మోస్తోంది, జీతం లేని కాపలాగా. లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల ఆ పని మాయం కాదు, కనిపించకుండా పోతుంది, అంతే. భాగస్వామిని పిలవడమంటే ఆమెకు పని పంచడం అనుకుంటే పిలవకపోవడమే మేలు. ఆమె కూడా నష్టపోయిన మనిషి, ఆమె నిద్రకు కూడా ఇక్కడ లెక్క చెప్పాలి అన్న అర్థంలో పిలవాలి. యంత్రం శుభ్రం చేసుకోవడం వాడే మనిషి పనే, పళ్లు తోముకోవడం లాగా. రోగి భార్య అయితే ఈ మాట చెప్పనక్కర్లేదు, ఆమె ఎలాగూ తానే కడుక్కుంటుంది.

మరి వేరే గదుల్లో పడుకుంటే పోలేదా అనేవాళ్లున్నారు. అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం 2023లో చేసిన సర్వేలో మూడోవంతుకు పైగా జనం అప్పుడప్పుడో ఎప్పుడూనో వేరే గదిలో పడుకుంటున్నామన్నారు. అందులో తప్పేమీ లేదు. అలా పడుకున్నంత మాత్రాన కాపురం చెడిందనుకోవడం చాదస్తం. జర్మనీలో 2020లో పన్నెండు జంటలను పరిశీలించినప్పుడు కలిసి పడుకున్న రాత్రుల్లో కలల నిద్ర పది శాతం దాకా పెరిగిందని చూశారు గానీ, వాళ్లు ఆరోగ్యవంతులు, గుర్రు పక్కన పడుకున్నవాళ్లు కాదు. గది మారడం పక్కవాళ్ల నిద్రను కాపాడుతుంది, ఆ సౌకర్యం ఉన్న ఇంట్లో. అత్తమామలు ఒక గదిలో, పిల్లలు మధ్యలో, ఏసీ ఒక్క గదికే ఉన్న ఇంట్లో "వేరే గది" అంటే సోఫా, లేదంటే వరండా. దానికన్నా ముఖ్యం, గది మారిన రాత్రి నుంచి గురక బాధ తీరుతుంది, జబ్బు అలాగే ఉంటుంది, సాక్షి ఉండరు. ఫిర్యాదు చేసేవాళ్లు లేని ఆప్నియా ఇంకా ప్రమాదకరం. చికిత్స లేని రోగులకు రోడ్డు ప్రమాదాల ముప్పు మిగతావాళ్లకన్నా రెండు రెట్లకు పైగా ఉంటుందని పాత అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు తేల్చారు. రాత్రి బస్సు నడిపే మనిషి ఇంట్లో వేరే గదిలో పడుకుంటే ఆ ముప్పు ప్రయాణికుల మీదికి మారుతుంది. వేరే గది చికిత్స మొదలయ్యేదాకా ఊరట కావచ్చు, చికిత్సకు బదులు కాకూడదు.

ఇంకో అభ్యంతరం వైద్యుల నుంచే రావచ్చు. 2016లో సేవ్ అనే పెద్ద పరిశీలన ఫలితాలొచ్చాయి. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో ఉన్న 2,717 మంది, ఏడు దేశాలు, వాటిలో మన దేశమూ ఉంది. సీపాప్ వాడినవాళ్లకు గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు తగ్గలేదు. రాత్రికి సగటున 3.3 గంటలే వాడారని సమర్థించుకునేవాళ్లు ఉన్నారు, అందులో కొంత పసుంది. కానీ నాకు ఆ కాగితంలో ఆసక్తిగా తోచింది, తగ్గినవి ఏమిటన్నది. గురక తగ్గింది, పగటి మగత తగ్గింది, మనసు తేలికపడింది, జీవితం మెరుగైందని రోగులే చెప్పారు. అంటే గుండె కోసమని భయపెట్టి అమ్మిన చికిత్స అసలు ఫలించింది ఇంట్లో, పక్కమీద, మర్నాటి మాటతీరులో. దీన్ని చిన్న ఫలితంగా చూడటం వైద్యానికి అలవాటు, ఎందుకంటే వైద్యం లెక్కబెట్టేవి ఆసుపత్రిలో చేరికలు, చావులు. సాయంత్రం ఆరింటికే సోఫాలో తల వాల్చేసే భర్త రాత్రి భోజనం దగ్గర మెలకువగా ఉండటం ఏ పట్టికలోకీ ఎక్కదు. "నీ గుండె ఆగిపోతుంది" అని బెదిరించే వైద్యుడి మాటకన్నా "మీ ఇద్దరికీ నిద్ర పడుతుంది" అన్న మాట సాక్ష్యానికి దగ్గరగా ఉందని నేననుకుంటాను.

సిగ్గు సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. మొహానికి పట్టీలు, ముక్కుమీద సిలికాన్, దాని నుంచి గొట్టం. కొత్తగా పెళ్లైనవాళ్లకైతే ఇది దిండు పక్కకి పిలవని మూడో మనిషి రావడమే. ఈ జబ్బు మగవాళ్లలో లైంగిక సామర్థ్యాన్ని తగ్గిస్తుందని, అలసట ఇద్దరి కోరికనూ చంపుతుందని వైద్యులకు తెలుసు, మన దగ్గర దాని గురించి అడిగే వైద్యుడు అరుదు. మాస్కు పెట్టుకున్నాక పడుకోవడం తప్ప ఇంకేమీ లేదన్న భయం చాలామందిలో ఉంటుంది. మాస్కు నిద్రకు, నిద్ర రాబోయే ముందు పెట్టుకునేది, లైటు తీయగానే పెట్టుకోవాలన్న నియమం లేదు. ఈ ఒక్క ముక్క ఎవరైనా నోరు తెరిచి చెబితే కొన్ని యంత్రాలు బీరువా ఎక్కవు. బంధువుల ఇంట్లో, పెళ్లి విడిదిలో, రైల్లో దాన్ని బయటికి తీయడానికి జంకడం ఇంకో రకం సిగ్గు. 2023లో అమెరికా అధ్యక్షుడు బైడెన్ మొహం మీద పట్టీల చారలు విలేకరులకు కనిపిస్తే, ఆయన సీపాప్ వాడుతున్నారని శ్వేతసౌధం చెప్పేసింది. ఆ చారలతోనే ఆయన బయటికొచ్చారు. మన దగ్గర అలా చెప్పే మంత్రి ఎప్పుడొస్తాడో గానీ, 2023 నాటి తమిళ సినిమా గుడ్ నైట్ గురకనే కథానాయకుడి కష్టంగా తీసుకుని, అది కొత్త కాపురాన్ని ఎలా నలిపేస్తుందో చూపించింది.

మాస్కు ఒంటబట్టనివాళ్లకు వేరే దారులూ ఉన్నాయి: కింది దవడను ముందుకు నిలిపే పళ్ల పరికరం, వెల్లకిలా పడుకోకుండా చూసుకోవడం, నాలుక నరానికి ఛాతీలో అమర్చే పరికరం, బరువు తగ్గడం. 2024 చివర్లో అమెరికాలో టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్‌ను, ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్లకు అనుమతించారు. వీటిలో ఏది చూసినా రెండో మనిషి అక్కడ ఉన్నారు. బరువు తగ్గాలంటే వంటింటి సంగతి తేలాలి, పక్కకి తిరిగి పడుకోబెట్టాలంటే మోచేయి కావాలి.

యంత్రం వాడేదీ లేనిదీ చాలామందిలో మొదటి వారంలోనే ఖాయమైపోతుందని పరిశోధకులు గమనించారు. మన ఊళ్లలో ఆ మొదటి వారం ఎలా మొదలవుతుందో చూస్తే దిగులేస్తుంది. యంత్రం అమ్మే కంపెనీ కుర్రాడు సంచితో వస్తాడు, హాల్లో రోగి మొహానికి రెండు మాస్కులు పెట్టి చూస్తాడు, ఒత్తిడి అంకె నొక్కి, ఫోన్‌లో యాప్ ఎక్కించి, అరగంటలో వెళ్లిపోతాడు. ఆ అరగంటా భార్య వంటింట్లో అతనికి కాఫీ పెడుతూ ఉంటుంది. కాఫీ తరవాత పెట్టొచ్చు. ఆమె ఆ గదిలో ఉండి, మాస్కు ఒకసారి తన మొహానికి కూడా పెట్టించుకుని, గాలి వస్తుంటే ఊపిరి వదలడం మొదట్లో ఎంత ఇబ్బందో చూసి, గాలి ఎటు కొడుతుందో, గొట్టం ఎటువైపు నుంచి రావాలో, కరెంటు పోతే ఇన్వర్టరు మీద అది నడుస్తుందో లేదో ఆ కుర్రాణ్ని తానే అడగాలి. రోగికి తట్టని ప్రశ్నలు ఆమెకు తడతాయి, అన్ని రాత్రులు మెలకువగా ఉన్నది ఆమె కదా.